మేక అస్థిపంజరానికి రేటెంత, గడువెంత: మా షెడ్డు డైరీ

జూన్ మొదటి వారం

చనిపోయిన జంతువుల ఎముకలు శుభ్రం చేసి అస్థిపంజరాలుగా బిగించడం, తోళ్లను బతికున్నట్టు నిలబెట్టడం మా షెడ్డు పని. డిగ్రీ కాలేజీ జువాలజీ మేడమ్ ఫోన్ చేశారు. మేక పూర్తి అస్థిపంజరం కావాలట, ఆగస్టులో న్యాక్ (కాలేజీలను పరిశీలించి గ్రేడు ఇచ్చే సంస్థ) బృందం వస్తోందట. "ఎంతవుతుందో, ఎప్పటికిస్తారో రాసి కొటేషన్ పంపండి" అన్నారు. డిగ్రీ జువాలజీలో జంతువులను కోయించడం ఆపమని 2014లో యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) చెప్పినప్పటి నుంచి పిల్లలు ఎముకను చేత్తో పట్టుకుని చూసే అవకాశం మ్యూజియం గదిలోనే మిగిలింది. అందుకే ఈ ఆర్డర్ నాకు చాలా ఇష్టమైనది.

ఇప్పటిదాకా పనులన్నీ తెలిసినవాళ్లవి, నోటిమాట మీద నడిచాయి. ఇప్పుడు కాలేజీలు అడుగుతున్నాయి, పశువైద్యులు అడుగుతున్నారు, పుంజులు పెంచేవాళ్లు అడుగుతున్నారు. ఎవరు అడిగినా ఒకే లెక్క చెప్పగలిగే రేట్ల కాగితం ఉండాలి. ఈ మేకనే కొలతగా పెట్టుకుని, ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో గోడ మీది పలక మీద రాసుకుంటూ పోతాను. నాతో పనిచేసే కుర్రాడికీ అదే చెప్పాను: డ్రమ్ములో నీళ్లు మార్చినా సరే, టైము రాయాలి.

రేట్ల కంటే ముందు రాయాల్సింది, ఏ పనులు తీసుకోం అన్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 44వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లైసెన్సు లేకుండా ఎవరూ అడవి జంతువుల టాక్సిడెర్మీ (చనిపోయిన జంతువు తోలును బతికున్నట్టు నిలబెట్టే పని) వ్యాపారం చేయకూడదు. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో నెమలి అడిగేవాళ్లు ఉన్నారు, జింక కొమ్ములు బిగించమనేవాళ్లు ఉన్నారు, పంజరంలో చనిపోయిన రామచిలుకను తెస్తామనేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో పెరిగినంత మాత్రాన చిలుక పెంపుడు పక్షి అయిపోదు, చట్టం దాన్ని అడవి పక్షిగానే చూస్తుంది. ఇలాంటివాటికి రేటు చెప్పడమే తప్పు. మేము తీసుకునేవి మేక, గొర్రె, పశువు, కుక్క, పిల్లి, కోడి, బాతు. కాగితంలో మొదటి వాక్యం ఇదే.

జూన్ రెండో వారం

కొటేషన్ వెంటనే పంపలేదు, మేక దొరికే దారి ముందు చూసుకోవాలి. కబేళా మేక ఈ పనికి రాదు. కత్తి పడిన వెన్నుపూసలు, నరికిన కాళ్లు అతికిస్తే పిల్లలకు తప్పు చూపించినట్టే. గొర్రెల కాపరులతో మాట్లాడి పెట్టుకున్నాను, మందలో తనంతట తాను చనిపోయిన పెద్ద మేక ఉంటే కబురు చేస్తారు. అయితే పశువైద్యుడు చూసి సరేననకుండా కళేబరం మీద కత్తి పెట్టం. దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్‌తో) చనిపోయిన పశువును కోయనే కూడదు, సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి. కాబట్టి డాక్టరు గారి ఫీజు, కాపరికి ఇచ్చేది, బండి ఖర్చు కలిపి 1,500 రూపాయలు. ల్యాబ్ సామాను తయారయ్యే హర్యానాలోని అంబాలా నుంచి వచ్చిన కేటలాగు చూపించి "ఇంత తక్కువకు వస్తోంది కదా" అనే ప్రిన్సిపాళ్లకు ఈ ఖర్చు కనబడదు. అందుకే దీన్ని కొటేషన్‌లో విడిగా ఒక లైనుగా రాస్తాను.

మేక వయసు కూడా అడగాలి. పిల్ల మేక చిన్నది కాబట్టి చౌక అనుకుంటారు, నిజానికి దానికే ఎక్కువ పని. ఎదిగే వయసులో ఎముక కొసలు ఇంకా అతుక్కుని ఉండవు, నీళ్లలో నానేసరికి ప్రతి పొడవు ఎముకా రెండు మూడు ముక్కలుగా విడిపోతుంది. వాటిని జత చూసుకుని అతికించడానికే రోజులు పడతాయి. అందుకని సైజును బట్టి రేటు పెట్టే ఆలోచన ఇక్కడే వదిలేశాను. గంటలే లెక్క.

జూన్ మూడో వారం

మేక వచ్చింది. తోలు తీసి, కండ తీసి, నాలుగు కాళ్లనూ నాలుగు నైలాన్ వల సంచుల్లో విడివిడిగా కట్టాం. వెన్ను ఒక సంచి, పక్కటెముకలు ఎడమవి ఒకటి, కుడివి ఒకటి. మేక ఒక్కో పాదంలో కందిగింజంత నుంచి శనగగింజంత వరకు ఆరు చిన్న ఎముకలు ఉంటాయి, కీళ్ల వెనక దాక్కుని. చౌకగా దొరికే అస్థిపంజరాల్లో సాధారణంగా ఇవే ఉండవు. డ్రమ్ము అడుక్కి దిగి నీళ్లతో పాటు పారిపోతాయి. సంచులు కట్టడానికి పట్టేది అరగంట, కట్టకపోతే తర్వాత ఏరుకోవడానికి ఒక పూట. రేటు తగ్గించాలంటే ఇలాంటి చోటే తగ్గించాలి, మనిషి కూలి దగ్గర కాదు.

ఎముకలను ఉడకబెట్టం. ఉడికిస్తే కొవ్వు ఎముకలోకే ఇంకి, తర్వాత ఎంత కడిగినా రాదు. బ్లీచింగు వాడితే ఎముక పైపొర తినేసి సుద్దలా రాలుతుంది. గోరువెచ్చటి నీళ్లలో వదిలేస్తే సూక్ష్మజీవులే మాంసాన్ని తినేస్తాయి. నీళ్లు 35 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే ఆ పని చురుగ్గా సాగుతుంది. మా దగ్గర జూన్ ఎండలో మూత పెట్టిన నల్ల డ్రమ్ము హీటర్ అవసరం లేకుండానే ఆ వేడి పట్టుకుంటుంది, రెండు మూడు వారాల్లో ఎముక శుభ్రంగా వదులుతుంది. ఇదే మేక డిసెంబరులో వస్తే హీటర్ పెట్టాలి, లేదా అంతకు రెట్టింపు రోజులు ఆగాలి. అంటే గడువు నెలను బట్టి మారుతుంది. కాగితంలో ఎండాకాలం గడువు, వానాకాలం గడువు, చలికాలం గడువు వేరువేరుగా రాయాలని గట్టిగా అనిపించింది.

మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను: "ఆగస్టుకి పూర్తి మేక ఇవ్వలేనండి. పుర్రె, ఒక ముందుకాలు చెక్క మీద పేర్లతో బిగించి ఆగస్టుకి ఇస్తాను. మిగతాది అక్టోబరు చివరికి." ఆవిడ కాసేపు ఆలోచించి, "అలా ముక్కలుగా ఇస్తే బిల్లు ఎలా పెట్టాలి?" అన్నారు. మంచి ప్రశ్న. జవాబు కింద రాశాను.

జూలై

ఈ నెలంతా కొవ్వుదే. మాంసం పోయిన ఎముక చూడ్డానికి తెల్లగానే ఉంటుంది, పని అయిపోయిందనిపిస్తుంది. నీడలో ఆరబెట్టి రెండు రోజుల తర్వాత తొడ ఎముక తీసి వెలుతురుకు పెట్టి చూశాను. నడిమి భాగం తెల్లగా, ఎండుగా ఉంది. రెండు కొసలూ మాత్రం బజ్జీలు చుట్టిన కాగితంలా పసుపు పచ్చగా, వెలుగు కొంచెం లోపలికి పోయేలా ఉన్నాయి. వేలితో రుద్దితే జిడ్డు. ఇలాగే బిగించి ఇస్తే ఏడాది తిరిగేసరికి ఆ జిడ్డు బయటికి కారి, దుమ్ము పట్టి, గోధుమ రంగుకు తిరిగి, గాజు పెట్టె తెరిస్తే వాసన కొడుతుంది.

గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపిన నీళ్లు, 45 డిగ్రీల దగ్గర ఆగే థర్మోస్టాట్ హీటర్. పొడవు ఎముకలకు కీలు లోపలికి పోయే చోట, బయటికి కనబడకుండా సన్నని రంధ్రాలు. నీళ్లు మబ్బు పట్టగానే మార్చాలి. అసిటోన్‌తో త్వరగా పోతుందని కొందరంటారు. మా షెడ్డులో వైరింగ్ పాతది, పక్కనే గడ్డివాము, అంత మండే సరుకు అక్కడ పెట్టను.

ఇక్కడ చేతిపని ఏమీ లేదు. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చడం, అంతే. ఈ నెలలో పలక మీద పడింది మహా అయితే మూడు గంటలు. కానీ క్యాలెండర్‌లో నెలన్నర పోతుంది. కస్టమర్‌తో చిక్కు వచ్చేదంతా ఇక్కడే. "పని ఏమీ చెయ్యకుండా మూలన పెట్టేశారు" అనుకుంటారు. అందుకని ప్రతి ఆర్డర్‌కీ దశ మారినప్పుడల్లా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం మొదలుపెట్టాను. మేడమ్‌కు తొడ ఎముక ఫొటో పంపి, ఆ పసుపు పోయేదాకా ముందుకు వెళ్లనని చెప్పాను. ఆవిడ ఆ ఫొటోను క్లాసులో చూపించారట.

"అర్జెంట్ అయితే ఎంత ఎక్కువ తీసుకుంటారు?" అని ఇంకో కాలేజీ అడిగింది. దీని మీద చాలా ఆలోచించాను. కొవ్వు దిగే కాలానికి డబ్బు తీసుకుని ముందుకు జరుపుతాననడం అబద్ధం. బిగించే పనికి రాత్రి కూర్చోవచ్చు, అది నా చేతిలో ఉంది. కానీ అలా కూర్చుంటే ముందు ఇచ్చినవాళ్ల వంతు వెనక్కి పోతుంది. అర్జెంట్ చార్జీ పెట్టకూడదనే నిర్ణయించాను. వరస ప్రకారమే పని. నా దగ్గర ముందే సిద్ధం చేసి పెట్టుకున్న పుర్రెలు, కాళ్లు కొన్ని ఉంటాయి, తొందరగా కావాలన్నవాళ్లు మామూలు రేటుకే అవి కొనుక్కోవచ్చు.

ఆగస్టు మొదటి వారం

గంట రేటు కట్టడానికి కూర్చున్నాను. మా ఊళ్లో మంచి వడ్రంగి రోజుకు వెయ్యి రూపాయలకు తక్కువ రాడు. ఎముకలో రంధ్రం వేసి తీగ ఎక్కించే చెయ్యి అంతకంటే తక్కువది కాదు, కాబట్టి నా రోజు కూడా వెయ్యే. అయితే రోజులో బల్ల దగ్గర కూర్చునేది ఐదు గంటలే. మిగతాది ఫోన్లు, షాపులు, డ్రమ్ములు కడగడం, వ్యర్థాలను సున్నం వేసి పాతడం. వెయ్యిని ఐదుతో భాగిస్తే గంటకు 200. షెడ్డు అద్దె 4,000, రెండు డీప్ ఫ్రీజర్లతో కరెంటు 3,000, గ్లవ్స్, మాస్కులు, సున్నం, నీళ్లు కలిపి 2,000. నెలకు 9,000. ఇరవై ఐదు రోజులు, రోజుకు ఐదు గంటల లెక్కన 125 గంటలకు పంచితే గంటకు 72. పాడైపోయే పనులకు, విరిగే ముక్కలకు కొంత పక్కన పెట్టి 300కి నిలబెట్టాను. కుర్రాడి గంట 150.

ఇంతకంటే తగ్గిస్తే గిట్టుబాటు కాదు. ఇంకా పెంచితే జిల్లా కాలేజీలు కొనలేవు, ప్లాస్టిక్ మోడల్ కొనుక్కుని ఊరుకుంటాయి. ప్లాస్టిక్‌లో ఎముక బరువు ఉండదు, కండరం అంటుకున్న గరుకు ఉండదు. నాకు ఆ పిల్లల చేతికి నిజమైన ఎముక అందాలి.

అమెరికా టాక్సిడెర్మీ దుకాణాల ఒప్పందాలు కూడా కొన్ని చదివాను. సగం అడ్వాన్సు తీసుకోవడం అక్కడ మామూలే. జింక తల, భుజాల వరకు చేసి ఇవ్వడానికి ఎనిమిది నెలల నుంచి ఏడాది ఆగమంటారు. వేట సీజన్‌లో కొద్ది వారాల్లోనే ఏడాదికి సరిపడా తలలు వచ్చి పడతాయి, తోళ్లు ఊనే కర్మాగారాలకు పంపితే అక్కడే నెలలు పడతాయి. వాళ్లకు సీజన్ వేట తెస్తుంది. మాకు సీజన్ న్యాక్ బృందం, మార్చి నెల బడ్జెట్ తెస్తాయి. వాళ్ల కాగితంలో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది: పని పూర్తయ్యాక చెప్పిన నెలల్లోగా తీసుకెళ్లకపోతే దుకాణం అమ్ముకోవచ్చు. మన దగ్గర పెంపుడు కుక్క విషయంలో అలా రాయడం నాకు మనసొప్పలేదు, పుర్రెలకూ అస్థిపంజరాలకూ మాత్రం ఆరు నెలలని రాశాను.

ఆగస్టు చివర

కాలేజీకి పుర్రె, ముందుకాలు అందాయి. దవడ కిందికి దిగేలా చిన్న స్ప్రింగ్ పెట్టాను, పిల్లలు నెమరు కదలిక చూడొచ్చు. గవర్నమెంటు కాలేజీకి అడ్వాన్సు ఇచ్చే వీలు లేదు, సరుకు స్టాకు రిజిస్టరులో ఎక్కాకే బిల్లు. అందుకని బిల్లును దశలుగా విడగొట్టాం: పుర్రె, కాలు ఒక వస్తువు. మిగతా అస్థిపంజరం రెండో వస్తువు. రెండిటికీ వేరే స్టాకు నంబర్లు. మేడమ్ ప్రశ్నకు జవాబు ఇది. విడిగా వచ్చే కస్టమర్లకు మాత్రం సగం అడ్వాన్సు, అది అందిన రోజు నుంచే వరసలో నంబరు.

సెప్టెంబరు

ఈ నెల వానలు. ఎముకను తెల్లబరిచే హైడ్రోజన్ పెరాక్సైడు పని అయిపోయింది. షాపులో దొరికే గాఢమైనది చర్మాన్ని కాల్చేస్తుంది, మూడు శాతానికి పలచన చేసి వాడతాం. తెల్లబడింది కానీ ఆరడం లేదు. గాలిలోనే తడి ఉంటే ఎముక లోపలి తడి ఎక్కడికి పోతుంది? గదిలో ఒక చిన్న బల్బు, ఫ్యాను పెట్టి వదిలేశాను. తడి ఎముకలో జిగురు నిలవదు.

మధ్యలో ఒక కబురు. భీమవరం వైపు నుంచి ఒక పెద్దాయన డేగ పుంజును (ఎర్ర ఈకల పందెం కోడిని) తెచ్చారు. వయసైపోయి చనిపోయిందట. వెంటనే గుడ్డలో చుట్టి, గాలి చొరకుండా కవరు కట్టి, ఫ్రీజర్‌లో పెట్టి తెచ్చారు. ఇంత జాగ్రత్తగా తెచ్చేవాళ్లు అరుదు. పొట్ట కింద ఈకలు మెల్లగా లాగి చూశాను, గట్టిగా ఉన్నాయి. ఎండలో పూట గడిచిన కోడికి అక్కడ చర్మం పచ్చబడి, ఈకలు ఊడి వస్తాయి. అప్పుడు ఎంత డబ్బిచ్చినా తీసుకోకూడదు, చెడిపోయే పనికి అడ్వాన్సు పుచ్చుకోవడం మోసం. ఈ పరీక్ష కస్టమర్ కళ్ల ముందే చేస్తానని కాగితంలో చేర్చాను.

"రేటు సంగతి వదిలేయండి, సంక్రాంతికి మా అరుగు మీద ఉండాలండి" అన్నారాయన. నా చేతిపని పదహారు గంటలు, అంటే 4,800. గాజు కళ్లు, తీగ, తోలు చెడకుండా రాసే బోరాక్సు పొడి, తల మీది ఎర్ర తురాయి అచ్చు సామాను కలిపి 1,200. మొత్తం ఆరు వేలు. "ఇంతేనా? నేను ఇరవై వేలనుకున్నానే" అన్నారు. ఇరవై వేలు తీసుకోవచ్చు, ఇచ్చేవారు కూడా. కానీ రేపు ఒక కూలీ మనిషి తన ఇంటి పుంజును పట్టుకుని వస్తే ఆయనకు ఏ రేటు చెప్పాలి? మనిషిని చూసి రేటు మార్చనని ఈ కాగితం మొదలుపెట్టినప్పుడే అనుకున్నాను.

గడువు గురించి ఆయనకు వివరంగా చెప్పాను. తురాయి, గడ్డం కింద వేలాడే తోలు ఎండితే ముడుచుకుపోయి నల్లబడతాయి. అందుకే ముందు పళ్ల డాక్టర్లు వాడే ఆల్జినేట్‌తో వాటి అచ్చు తీసి, ఎపాక్సీతో పోసి, రంగు వేసి పెట్టాలి. తోలు వలిచి, కొవ్వు గీకి, కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో ఈకా విడదీస్తూ ఆరబెట్టాలి. లోపల శరీరం థర్మాకోల్‌తో, ఆ పుంజు కొలతలతోనే. బిగించాక ప్రతి రెక్క, ప్రతి తోక ఈక గుండుసూదులతో కదలకుండా పట్టుకుని నాలుగైదు వారాలు ఆరాలి. అక్టోబరు, నవంబరు మా కోస్తాలో తుపాన్ల కాలం, ఇంకో నాలుగు వారాలు కలుపుకోవాలి. డిసెంబరు చివరి వారం అని రాసిచ్చాను. "రంగు చూపించడానికి ఫొటో కావాలా బాబూ?" అని ఫోన్లో బతికున్నప్పటి ఫొటోలు పంపారు. ఆ తురాయి ఎరుపులో కొసల దగ్గర ఒక ఊదా ఛాయ ఉంది. ఫొటో లేకపోతే ఆ ఛాయ నాకు తెలిసేది కాదు. పుంజు పని ఎవరిదైనా బతికున్నప్పటి ఫొటో తప్పనిసరి అని చేర్చాను.

మన దేశంలో ఈ పని నేర్పేవాళ్లు తక్కువ. మైసూరులో వాన్ ఇంగెన్ కుటుంబం దశాబ్దాల పాటు పులులు, చిరుతల తలలు చేసింది. 1972 చట్టంతో వేట ఆగిపోయాక ఆ పని కరిగిపోయి, 1999లో ఆ కార్ఖానా మూతపడింది. పులులు బతకడానికి ఆ పని ఆగడమే మంచిది. ముంబైలో సంజయ్ గాంధీ నేషనల్ పార్కులో 2009లో మొదలైన టాక్సిడెర్మీ కేంద్రం జూలలో, అడవుల్లో చనిపోయిన జంతువులను అనుమతులతో చేస్తుంది. పెంపుడు జంతువులకూ కాలేజీ ఎముకలకూ మా జిల్లాల్లో ఒక నిలకడైన దుకాణం ఉండాలని నా కోరిక. రేటు, గడువు నమ్మదగినట్టు ఉంటేనే అది నిలుస్తుంది.

అక్టోబరు

మేక బిగించడం. ఏడు మెడ పూసలు, పదమూడు ఛాతీ పూసలు, ఆరు నడుము పూసలు వరసగా స్టీలు కడ్డీ మీదికి. పూసకూ పూసకూ మధ్య బతికున్నప్పుడు మెత్తటి బిళ్ల ఉంటుంది. ఆ మందానికి సరిపడా ఫెల్టు ముక్కలు పెట్టకపోతే వెన్ను పొట్టిగా వస్తుంది, పక్కటెముకలు రొమ్ము ఎముకకు అందవు. కడ్డీని ముందే మేక నిలబడే వంపుకు వంచాలి, ఎక్కించాక వంచితే పూస పగులుతుంది. పక్కటెముకలకు ఇత్తడి తీగ. చాలా గంటలు ఇక్కడే పడ్డాయి, అందులో నాకు బాధ లేదు, ఈ పనిలో నాకు ఎక్కువ ఆనందం ఇచ్చేదీ ఇదే.

పలక మీద కూడికలు: నావి 24 గంటలు, కుర్రాడివి 10. అంటే 7,200, ఇంకా 1,500. కడ్డీ, తీగ, పెరాక్సైడు, జిగురు, టేకు బల్ల 1,800. మేక, డాక్టరు గారి ఫీజు 1,500. మొత్తం 12,000. గాజు పెట్టె వడ్రంగి బిల్లు ప్రకారం విడిగా. చేతిపని 34 గంటలు, క్యాలెండర్‌లో జూన్ నుంచి అక్టోబరు. రేట్ల కాగితంలో ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కనే వేశాను, చదివినవాళ్లకు దేనికి డబ్బు, దేనికి ఓపిక అవసరమో తెలుస్తుంది. పెద్ద మేకకు ఎండాకాలంలో నాలుగు నెలలు, మిగతా కాలాల్లో ఆరు. చెప్పిన గడువు దాటితే దాటిన ప్రతి నెలకూ నా చేతిపని కూలిలో పదో వంతు తగ్గిస్తానని రాశాను. కుర్రాడి కూలి మాత్రం తగ్గదు.

నవంబరు

కాగితం అచ్చయింది, ఒకే పేజీ. కుక్కకు, పిల్లికి ఇంకా అచ్చు రేటు లేదు. తెచ్చేవాళ్లు దుఃఖంలో ఉంటారు, వాళ్లతో కూర్చుని మాట్లాడి, ముఖంలో తాము గుర్తుపెట్టుకున్నది నేను తేలేకపోవచ్చని చెప్పి, ఒక వారం ఆగి నిర్ణయించుకోమని పంపాలి. ఆ వారం ఫ్రీజర్‌లో ఉంచడానికి డబ్బు తీసుకోను.

బర్రె పుర్రె ఒకటి జూలై నుంచి సబ్బు నీళ్లలోనే ఉంది. కొమ్ముల మొదట్లో ఇంకా పసుపు తేలుతోంది. వచ్చే వేసవి దాటేదాకా చూస్తాను. అప్పటిదాకా బర్రె పుర్రె అడిగినవాళ్లకు గంటల లెక్కన ధర చెబుతున్నాను, తేదీ మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదు.